సింకు చుట్టూ తెల్లగీత

ఆదివారం పొద్దున్నే సింకు కింది అర తలుపు లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. తలుపు మాత్రం కదల్లేదు. కోడలు వంగి చూసింది. చెక్క అడుగు నుంచీ నీళ్ళు తాగి ఉబ్బిపోయి చట్రానికి బిగుసుకుపోయింది. పైన సింకుకీ గట్టుకీ మధ్య వేసిన తెల్లటి సిలికాన్ వెనక మూలలో పొరలా లేచి వేలాడుతోంది. వేలితో పట్టుకుంటే జానెడు ముక్క సులువుగా ఊడొచ్చింది. అది వేసి పట్టుమని వారం కాలేదు.

"అయ్యింది. ఇదీ అయ్యింది," అంది పైకే. ఒక చేతిలో పిడి, ఇంకో చేతిలో సిలికాన్ ముక్క పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడిపోయింది. వారమంతా పరుగులు పెట్టి, ఒక్క ఆదివారం నిదానంగా టీ తాగుదామనుకున్న మనిషికి పొద్దున్నే ఎదురుకావలసిన భాగ్యమా ఇది?

హాల్లోంచి భర్త గొంతు వినిపిస్తోంది. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్వైజరు. సెలవైనా పండగైనా ఎక్కడో ఒక లిఫ్టు ఆగుతూనే ఉంటుంది. "భయపడకండమ్మా, మావాళ్ళు మీ వీధి మలుపులోనే ఉన్నారు. రెండే రెండు నిమిషాలు," అంటున్నాడు ఫోన్లో. ఆ మావాళ్ళు ఇంకా మంచం కూడా దిగలేదని ఆమెకు తెలుసు. ఎందుకంటే వాళ్ళకి ఇతను ఇంకా ఫోనే చెయ్యలేదు. ఇదేం పద్ధతండీ అంటే, "లోపల ఇరుక్కున్నవాళ్ళకి నిజం చెప్తే గుండాగి చస్తారు" అంటాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లోనూ అదే పద్ధతి.

కిటికీ పక్క కుర్చీలో మామగారు కూర్చుని ఉన్నాడు. పెద్దాయన బస్సుల బాడీలు కట్టే షెడ్డులో అద్దాల మేస్త్రిగా పనిచేసి రిటైరయ్యాడు. ముందు అద్దం, వెనక అద్దం బిగించి, వాటి చుట్టూ వానచుక్క లోపలికి రాకుండా సీలు వెయ్యడం ఆయన పని. ఈ ఇంట్లో సిలికాన్ గన్ను ఆయనొక్కడిదే. ఆయన షేవింగు బ్రష్షును ఎవరూ ఎలా ముట్టుకోరో దాన్నీ అలాగే ముట్టుకోరు. ఇప్పుడాయన వీధిలోకి చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. ఈమధ్య రోజంతా అదే గొణుగుడు. అది తనను తిట్టడమేనని కోడలి అనుమానం. అనుమానం కాదు, నమ్మకం.

అసలు మొదలైంది వానాకాలం చివర్లో. సింకు చుట్టూ ఉన్న పాత సిలికాన్ నల్లబడి, అక్కడక్కడా పగిలింది. "నేనున్నాగా," అని పెద్దాయన హుషారుగా గన్ను తీశాడు. పాతదంతా బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, పొడిగా ఆరనిచ్చి మరీ మొదలుపెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. గన్ను నొక్కుతుంటే చెయ్యి వణికింది. చిన్న వణుకు కాదు. గీత ఒకచోట ఉండలు కట్టింది, ఇంకోచోట అసలు గీతే లేదు. "ఇప్పటి గన్నులు కూడా నాసిరకం," అని గొణిగి, కళ్ళజోడు సర్దుకుని, "ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు.

"బావుంది మావయ్యా," అంది కోడలు. ఇంకేమంటుంది?

సాయంత్రం భర్తతో చెప్పింది, ఎవరైనా ప్లంబరును పిలుద్దామండీ అని. అతను చెవులు మూసుకున్నంత పని చేశాడు. "నాన్న ఉండగా ఇంకొకడొచ్చి సిలికాన్ వేస్తాడా? ఆయన బతికుండగానే? నీకేమన్నా మతి ఉందా?" అన్నాడు. కాసేపు ఆలోచించి, "నీది నిలకడైన చెయ్యి కదా. ఆయన సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు నువ్వే కాస్త పైపైన సరిచేసెయ్. ఆయన వేసినట్టే ఉంటుంది, నీళ్ళూ ఆగుతాయి. ఎవరికి నష్టం?" అన్నాడు.

ఆమెది నిలకడైన చెయ్యే. పళ్ళ డాక్టర్లకు కట్టుడుపళ్ళు తయారుచేసి ఇచ్చే ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా మైనంతో దంతాలు చెక్కే మనిషికి సింకు చుట్టూ గీత ఎంతపని? మామగారు నడకకి వెళ్ళి వచ్చేలోపు రెండు పక్కలా టేపు అంటించి, ఆయన గీత మీదే కొత్త గీత వేసి, సబ్బునీళ్ళ వేలితో నున్నగా నిమిరి, టేపు లాగేసి, గన్నును దాని చోట పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న పెద్దాయన సింకు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇది నేనే వేశానా?" అన్నాడు.

"ఇంకెవరు వేస్తారు నాన్నా," అన్నాడు కొడుకు, టక్కున. "అద్దంలా ఉంది."

పెద్దాయన సంతోషపడ్డాడనుకుంది కోడలు. మంచిపని చేశాననుకుని ఆ రోజు ల్యాబులో కూనిరాగాలు కూడా తీసింది.

వారం తిరక్కుండా ఆ సిలికాన్ లేచిపోయింది. ఆయన మళ్ళీ గీకి మళ్ళీ వేశాడు, వంకరగా. ఆమె మళ్ళీ దొంగచాటుగా దానిమీద వేసింది, తిన్నగా. మళ్ళీ లేచిపోయింది. ఇద్దరూ పోటీలు పడి వేస్తున్నా నీళ్ళు మాత్రం వాటి దారిన అవి కిందికి దిగుతూనే ఉన్నాయి. అరలో పెట్టిన డబ్బాలన్నీ తడిసేవి. అన్నీ బయటికి తీసి, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ సర్ది ల్యాబుకి పరిగెత్తడం ఎవరి పని? కొడుకుది కాదు, అతనికి లిఫ్టులు ఉన్నాయి.

ఇవి చాలవన్నట్టు పెద్దాయన పద్ధతి కూడా మారిపోయింది. ఇంట్లో అందరికంటే ముందు లేచి టీ పెట్టేవాడు, అది మానేశాడు. పొయ్యి వైపే రాడు. తన దగ్గరున్న ఇంటి తాళంచెవి తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "నీ దగ్గరే ఉండనీ," అన్నాడు. గంట మోగినా తలుపు తియ్యడు. సాయంత్రం నడక కూడా సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నాడు. దాంతో ఆమెకి దొంగతనంగా సిలికాన్ వెయ్యడానికి కూడా టైము చాలట్లేదు. ఒకరోజు తడిగుడ్డలు పిండుతూ విసుగులో, "ఈ సింకుతో నా ప్రాణం పోతోంది," అని కసిరింది. అది విన్నప్పటి నుంచీ ఆయన అలిగాడని ఆమె లెక్క. ఇల్లు మీది, పనీ మీది, నేను చుట్టాన్ని అన్నట్టు కూర్చుంటున్నాడని ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

"మీ నాన్న నామీద కక్ష కట్టారు," అంది భర్తతో ఒకసారి.

"పెద్దతనం. వదిలెయ్," అన్నాడతను, ఫోన్లోంచి తలెత్తకుండా.

వదిలేసి వదిలేసి ఈ ఆదివారం దాకా వచ్చింది. పిడీ సిలికాన్ ముక్కా పట్టుకుని కోడలు హాల్లోకి వచ్చింది. భర్త ఫోను పెట్టేసి ఆమె మొహం చూశాడు, పరిస్థితి అర్థమైంది. "ఇవాళ నేను చూస్తాలే. నువ్వు కూర్చో," అన్నాడు మెల్లిగా.

"మీరేం చూస్తారు? రెండు నిమిషాల్లో మనుషులొస్తున్నారని సింకుకి చెప్తారా?"

"అరవకు. నాన్న ఉన్నారు."

"ఉన్నారని తెలుసు. ఆయన కోసమే అరుస్తున్నా." ఆమె కిటికీ వైపు తిరిగింది. "మావయ్యా, మీకు నామీద కోపముంటే తిట్టండి. పడతాను. కానీ ఇలా మౌనవ్రతం పట్టి నన్ను చంపకండి. ఏం చేశాను నేను? టీ మానేశారు. తాళంచెవి నా మొహాన పడేశారు. గంట మోగితే వినపడనట్టు కూర్చుంటారు. పొద్దస్తమానం ఆ గొణుగుడు ఒకటి. తిట్టేదేదో పైకి తిట్టొచ్చు కదా!"

"ఏయ్!" అన్నాడు భర్త.

పెద్దాయన తెల్లబోయి చూశాడు. కోపం కాదు, ఆయన మొహంలో ఉన్నది బెదురు. "నిన్ను తిట్టానా అమ్మా?" అన్నాడు. "ఎప్పుడు తిట్టాను? ఏమన్నాను?"

ఆ అడగడంలో ఏదో తేడా ఉంది. నేనలా అనలేదని వాదించడం లేదు ఆయన, నిజంగానే తెలియక అడుగుతున్నాడు. కోడలి గొంతు కొంచెం తగ్గింది. "గొణుగుతుంటారు కదా మావయ్యా. అది నన్ను కాకపోతే మరెవర్ని?"

"అదా," అన్నాడు పెద్దాయన. తల దించుకున్నాడు. "అవి షెడ్డులో మావాళ్ళ పేర్లమ్మా. గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి రంగులు వేసేవాళ్ళ దాకా. ఎవరు ఎవరి పక్కన నిలబడేవాళ్ళో వరసగా చెప్పుకుంటున్నా. ఎక్కడైనా ఒక పేరు తప్పిపోతోందా అని."

"ఎందుకు మావయ్యా?"

"నాకు మతి పోతోందమ్మా."

కొడుకు ఫోను మోగుతుంటే కట్ చేశాడు.

పెద్దాయన లేచి వచ్చి కోడలి చేతిలోని సిలికాన్ ముక్క తీసుకున్నాడు. దాన్ని రెండు వేళ్ళతో విడదీశాడు. అది రెండు పొరలుగా విడిపోయింది. "చూడు. పాతదాని మీద కొత్తది. ఇలా వేస్తే అంటుకోదు. షెడ్డులో కొత్తగా చేరినవాడు ఈ పని చేస్తే ఆ పూట వాణ్ణి అద్దం దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. మరి ఇదెవరు చేశారు? నేనే చేశాను. ఒక గీత వేశాను, అది గుర్తుంది, వంకరగా వచ్చింది. మళ్ళీ ఎప్పుడో వచ్చి దానిమీద ఇంకోటి వేశాను. అది నాకు గుర్తు లేదు. ఒకసారి కాదు, వేసిన ప్రతిసారీ ఇంతే. పోనీ ఎవరన్నా ముట్టుకున్నారేమోనని వీణ్ణి అడిగాను. నీ గన్ను మాకెందుకు నాన్నా అన్నాడు."

కోడలు భర్త వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది," అన్నాడు పెద్దాయన. "వేసిన తాళం మళ్ళీ వేసేవాడు. చివరికి మా వదిననే ఎవరమ్మా నువ్వు అన్నాడు. అందుకే పొయ్యి దగ్గరికి రావట్లేదు తల్లీ. గ్యాసు తిప్పి మర్చిపోతే? మీరు నిద్రలో ఉంటారు కదా. దూరం వెళ్తే ఇంటికి దారి తప్పుతానని సందు దాటట్లేదు. నీమీద కోపమెందుకుంటుంది నాకు? రేప్పొద్దున నన్ను చెయ్యిపట్టుకుని తిప్పాల్సింది నువ్వే."

భర్త ఆయన వెనక నిలబడి వద్దు వద్దని చేత్తో సైగ చేస్తున్నాడు. ఇప్పుడు కాదు, నేను మెల్లిగా చెప్తాను, అని ఆ సైగకి అర్థం. అతని ‘మెల్లిగా’ ఎప్పటికీ రాదని కోడలికి తెలుసు.

"మీరు వెయ్యలేదు మావయ్యా," అంది. "ఆ రెండో పొర వేసింది నేను. మీరు నడకకి వెళ్ళినప్పుడు, ప్రతిసారీ. మీ మతికేం కాలేదు."

ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకుంది. ఆయన నవ్వాడు. జాలిగా నవ్వి ఆమె తల నిమిరాడు. "మంచిదానివమ్మా. నన్ను ఊరడించాలని చెప్తున్నావు."

"లేదు మావయ్యా, నిజం!"

"నిజమే నాన్నా," అన్నాడు కొడుకు. "నేనే వెయ్యమన్నాను."

"నువ్వాగరా. నువ్వు ఏదైనా అంటావు," అన్నాడు పెద్దాయన, కుర్చీ వైపు తిరిగి నడుస్తూ.

ఇంతకంటే ఘోరం ఇంకేముంటుంది? ఇన్నాళ్ళూ అబద్ధం చెప్తే నమ్మినవాడు, ఇప్పుడు నిజం చెప్తే నమ్మట్లేదు. కోడలికి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. విసురుగా వంటింట్లోకి వెళ్ళి గన్ను తీసింది. "ఇటు రండి మావయ్యా. వచ్చి ఇక్కడ నిలబడండి. నిలబడి చూడండి," అని కేకేసింది.

ఆ కేకకి ఆయన వచ్చాడు. ఆమె బ్లేడు తీసుకుని వెనక అంచున మిగిలిన సిలికాన్ గీకేసింది. గుడ్డతో తుడిచింది. కళ్ళు మసకబారుతుంటే భుజంతో తుడుచుకుని, టేపు అంటించి, గన్ను నొక్కింది. గీత ఈ చివర్నుంచి ఆ చివరకి ఒకే ఊపిరిలో వెళ్ళింది. వేలితో నిమిరింది. మూల దగ్గర వేలు పట్టదు కదా, బ్యాగులోంచి మైనం చెక్కే సన్నటి పనిముట్టు తీసి, అలవాటు ప్రకారం మూలలోకి ఒక్క నొక్కు నొక్కి లాగింది. టేపు తీసేసి పక్కకు జరిగింది.

పెద్దాయన వంగాడు. మూలలో పడిన ఆ సన్నటి గాటును చూశాడు. ఇంకా దగ్గరికి వంగి చూశాడు.

"ఈ గాటు," అన్నాడు. "ప్రతిసారీ ఈ గాటుండేది. దేంతో పెట్టానా అని గన్ను డబ్బా అంతా కుమ్మరించి వెతికాను. అలాంటి పనిముట్టు నా దగ్గర లేదు. ఎక్కడో పడేసి మర్చిపోయాను కాబోలనుకున్నా." ఆమె చేతిలో ఉన్నదాన్ని చూశాడు. మళ్ళీ గాటును చూశాడు. గట్టు పట్టుకుని నిలబడ్డాడు. "అయితే ఇది నువ్వు. నేను కాదు."

"నేనే మావయ్యా."

"నేను కాదు," అన్నాడు ఇంకోసారి. ఆ తరవాత కొడుకు వైపు తిరిగాడు. ఆయన గొంతు అంత గట్టిగా లేస్తుందని కోడలు ఎప్పుడూ అనుకోలేదు. "ఒరేయ్! నిన్ను అడిగానా లేదా? ఎవరన్నా ముట్టుకున్నారా అని నోరు తెరిచి అడిగానా లేదా?"

"అడిగావు నాన్నా."

"నీ లిఫ్టులో పెట్టి తలుపేశావురా నన్ను! లోపల ఊపిరాడక నేను ఛస్తుంటే, బయట నిలబడి ఏం లేదు నాన్నా, అంతా బాగుంది నాన్నా అన్నావు. రోజూ పొద్దున్నే లేవగానే, ఇవాళ ఏం మర్చిపోతానో అని వణికిపోయాను. వీడు నా కొడుకు అని నాలో నేను చెప్పుకున్నాన్రా, మర్చిపోకుండా!"

కొడుకు గోడకి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు. "నీ చెయ్యి వణుకుతోందని ఎలా చెప్పను నాన్నా," అన్నాడు. "నా చిన్నప్పుడు షెడ్డుకి వస్తే, ఆ పెద్ద పెద్ద అద్దాల చుట్టూ ఒక్క చేత్తో గీత లాగేవాడివి. అందరూ ఆగి చూసేవాళ్ళు. ఆ చేతిని పట్టుకుని నువ్వింక చెయ్యలేవు అని నా నోటితో నేను చెప్పలేకపోయాను." ఊళ్ళో లిఫ్టులన్నిటికీ ధైర్యం చెప్పే మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

పెద్దాయనకీ కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా కోపం పూర్తిగా పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు. "చెప్తే ఏమయ్యేదిరా? ఒక పూట ఏడ్చేవాణ్ణి. గన్ను ఎత్తి అటక మీద పడేసేవాణ్ణి. అంతేగా?" అన్నాడు.

కోడలు మొహం కడుక్కుందామని కుళాయి మీద చెయ్యి వేసింది. "ముట్టుకోకు, తడి తగిలితే పాడవుతుంది. రేపటిదాకా ఆరాలి," అన్నారు తండ్రీకొడుకులిద్దరూ ఒకేసారి. ఆమెకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కొంగుతోనే మొహం తుడుచుకుంది.

"నాదీ తప్పే మావయ్యా," అంది. "మీకు మేలు చేస్తున్నాననుకున్నా. పైగా మీరు అలిగారని రోజూ లోపల తిట్టుకున్నాను. ఒక్కసారి ఏమైంది మావయ్యా అని పక్కన కూర్చుని అడగలేదు."

"నువ్వు ఇవాళన్నా అరిచావు. అరిచావు కాబట్టే తెలిసింది," అన్నాడు పెద్దాయన. కుర్చీ లాక్కుని వంటింట్లోనే కూర్చున్నాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక, "రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఈ వణుకేంటో కనుక్కుందాం. నువ్వు రా అమ్మా నాతో. వాడొద్దు. డాక్టరు చేత కూడా అబద్ధం చెప్పిస్తాడు," అన్నాడు.

"నేనూ వస్తాను నాన్నా. నోరు విప్పను," అన్నాడు కొడుకు కింద నుంచి.

"విప్పావో, నడిరోడ్డు మీద దింపేస్తాను." పెద్దాయన కోడలి వైపు చెయ్యి చాపాడు. "డాక్టరు ఏం చెప్పినా నాకు దాచకూడదు. చెడ్డదైనా సరే. మాటివ్వు."

ఆమె ఆయన చేతిలో చెయ్యి వేసింది. ఆ వణుకు ఆమె మణికట్టు దాకా పాకింది. ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"వణుకుతోంది కదూ?" అన్నాడు.

"వణుకుతోంది మావయ్యా."

"బాగానా?"

ఆమెకి పక్కన భర్త ఊపిరి బిగబట్టడం తెలుస్తూనే ఉంది. "చాలానే వణుకుతోంది," అంది.

పెద్దాయన కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అమ్మయ్య," అన్నాడు.